6.4 అంటే ఎప్పటి 6.4? కోల్డ్ స్టోరేజీలో నా ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 1, ఆదివారం

మావయ్య వాళ్ళ కోల్డ్ స్టోరేజీ గుంటూరులో చిలకలూరిపేట రోడ్డు మీద ఉంది. నాలుగు చాంబర్లు. యార్డు నుంచి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, రావడం మొదలైంది. ఇంకో నెలకి గేటు ముందు లారీలు బారులు తీరతాయి. లోపల ఎంత చల్లగా ఉందో తెలుసుకోవడానికి ఇప్పటికీ ఒకటే పద్ధతి. ప్లాంటు ఆపరేటర్ బాబాయ్ రెండు గంటలకోసారి మంకీ క్యాప్ పెట్టుకుని, టార్చిలైటు పట్టుకుని, ఒక్కో తలుపూ తీసి, థర్మామీటర్ చూసి, బయటికొచ్చి రిజిస్టర్లో రాసి సంతకం పెడతారు. అర్ధరాత్రి రెండింటికైనా అంతే.

"ఏరా, కంప్యూటర్లు బాగుచేస్తావు గదా, ఈ నాలుగు అంకెలూ నా టేబుల్ మీద కనపడేట్టు చెయ్యలేవా?" అన్నాడు మావయ్య. నాలుగు అంకెలే గదా అని ఒప్పుకున్నా. బ్రాడీపేటలో నాది రిపేరు షాపు. రోజూ రౌటర్లు సెట్ చేసి ఇస్తుంటా, కానీ ఆ తీగల్లో నిజంగా ఏం నడుస్తోందో ఎప్పుడూ కూర్చుని చూసింది లేదు. చూసేదేదో రాసుకుంటే మంచిదని ఈ డైరీ.

ఇవాళ చేసింది ఒక్కటే పని. ఫోన్లో వైఫై సిగ్నల్ చూసుకుంటూ మొదటి చాంబర్లోకి వెళ్ళా. తలుపు మూశారో లేదో, గీతలన్నీ పోయాయి. మందపాటి గోడలు, రేకు తలుపు, పైదాకా పేర్చిన టిక్కీలు. వైఫై ఆలోచన అక్కడే వదిలేశా. అంకె చదివి పంపే చిన్న బోర్డులు తలుపు బయట పెట్టి, సెన్సార్ తీగ ఒక్కటే లోపలికి పంపుతా. బోర్డు నుంచి ఆఫీసుదాకా ఈథర్‌నెట్ కేబుల్.

టేపు పట్టి కొలిస్తే మూడు చాంబర్లు 40, 55, 70 మీటర్లు. నాలుగోది 120. ఈ కేబుల్‌కి హద్దు 100 మీటర్లు. మధ్యలో ఎక్కడో కేబుళ్ళని కలిపే ఒక చిన్న నెట్‌వర్కు స్విచ్ పెట్టక తప్పదు.

ఫిబ్రవరి 4, బుధవారం

సామాను వచ్చింది. ఈథర్‌నెట్ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డులు నాలుగు, స్టీలు మూతి ఉన్న డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సార్లు నాలుగు, చిన్న స్విచ్‌లు రెండు, ఒక పెట్టె క్యాట్6 కేబుల్. ఆఫీసులో మూలన పడున్న పాత కంప్యూటర్‌లో ఉబుంటు లైనక్స్ ఎక్కించా. ఇక నుంచి అదే మా సర్వర్.

ఫిబ్రవరి 8, ఆదివారం

పిన్ని కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, సాయానికి వచ్చాడు. నేను మూడు కేబుళ్ళకి కనెక్టర్లు కొట్టా, నాలుగోదానికి స్విచ్ నుంచి చాంబర్ దాకా వాడు కొట్టాడు. టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ వరుసగా వెలిగాయి. బోర్డు దగ్గర లింకు లైటు కూడా వచ్చింది. పింగ్ (ఉన్నావా అని పంపే చిన్న పలకరింపు) కొడితే పదింట్లో మూడు పోతున్నాయి.

బోర్డు మార్చా, స్విచ్ మార్చా. మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చున్నా. చివరికి కనెక్టర్‌ని ట్యూబులైటు కింద పట్టుకుని చూస్తే తెలిసింది. తమ్ముడు రంగుల్ని జతజతగా పేర్చాడు. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెల్ల నీలం, నీలం, ఆ తర్వాత గోధుమ జత. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రెండు చివర్లా ఒకేలా ఉంది కాబట్టి టెస్టర్‌కి తప్పేమీ కనపడలేదు.

అసలు వరుసలో మూడో పిన్ను తెల్ల ఆకుపచ్చ, ఆరో పిన్ను ఆకుపచ్చ. ఆ రెండింటి మధ్య నీలం జత దూరుతుంది. ఎందుకంత వంకర అంటే, 100 ఎంబీపీఎస్ వేగంలో ఒక వైపు మాట 1, 2 పిన్నుల మీద, రెండో వైపు మాట 3, 6 మీద నడుస్తుంది. 3, 6 రెండూ మెలిపెట్టిన ఒకే జతలో ఉండాలి. ఆ మెలిక వల్లే బయటి గోల రెండు తీగల మీదా సమానంగా పడి, అవతల కొట్టుకుపోతుంది. తమ్ముడు కొట్టినదాంట్లో మూడోది ఒక జతలోది, ఆరోది వేరే జతలోది. రెండు మీటర్ల తీగైతే ఎవరికీ తెలిసేది కాదు. దాదాపు అరవై మీటర్లు, పైగా పక్కనే కంప్రెసర్ మోటారు కేబుళ్ళు.

"లైట్లన్నీ వెలిగాయి గదన్నా" అన్నాడు వాడు పాపం. నిజమే, టెస్టర్ అడిగేది కరెంటు అవతలికి చేరిందా అని మాత్రమే. కోసేసి మళ్ళీ కొట్టా. వంద పింగులు, వందా వచ్చాయి.

ఫిబ్రవరి 11, బుధవారం

బోర్డులకి నేనే చేత్తో అడ్రసులు ఇచ్చా, 192.168.1.50 నుంచి 53 దాకా. రెండో చాంబర్ బోర్డు ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. ఇంతలో మావయ్య, "సీసీ కెమెరాలు ఆగి ఆగి వస్తున్నాయిరా, నువ్వేం కెలికావు?" అని.

కెలికింది నేనే. కెమెరాల రికార్డర్‌కి ఎవరో ఎప్పుడో 192.168.1.51 ఇచ్చి పెట్టారు. అదే నేనూ ఇచ్చా.

ఇది ఇట్టా చెప్తే మా ఊరివాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. బ్రాడీపేటలో అడ్రసు అంటే లైను, అడ్డరోడ్డు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ ఇంట్లో ఇవాళ ఒకరు అద్దెకుంటారు, రేపు ఇంకొకరు. ఐపీ అడ్రసు అలాంటిది. మ్యాక్ అడ్రసు మనిషి లాంటిది. 48 బిట్లు, తయారైనప్పుడే చిప్పు మీద ఎక్కుతుంది, అందులో మొదటి సగం తయారీదారు గుర్తు. మనకి తెలిసింది ఇంటి నంబరు, కానీ స్విచ్ ఫ్రేముని, అంటే డేటా మూటని, చేర్చేది మనిషిని చూసే. ఈ రెంటినీ కలిపేది ఏఆర్‌పీ. 1982 నాటిది. ఆ పద్ధతి చూస్తే నవ్వొస్తుంది. లైనంతా వినపడేట్టు "51 ఎవరండీ?" అని ఒక్క కేక. ఎవరు "నేనే" అంటే వాళ్ళ మాటే ఖాయం. ఆధార్ కార్డు అడిగేది లేదు.

మా దగ్గర ఇద్దరు "నేనే" అంటున్నారు. కంప్యూటర్‌లో ఏఆర్‌పీ పట్టిక తీసి చూస్తే 51 ఎదురుగా ఉన్న మ్యాక్ కాసేపటికోసారి మారుతోంది. కెమెరాల కోసం వెళ్ళిన మాట సెన్సార్ బోర్డు తలుపు కొడుతోంది.

చేత్తో అడ్రసులివ్వడం మానేశా. రౌటర్‌లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఉండగా నాకెందుకీ పెత్తనం? కొత్తగా వచ్చిన బోర్డు "ఇక్కడ అడ్రసులిచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అరుస్తుంది, రౌటర్ "ఇది తీసుకుంటావా" అంటుంది, బోర్డు "సరే, అదే రాయండి" అంటుంది, రౌటర్ "రాశా, ఇన్ని గంటలు నీదే" అంటుంది. ఈ నాలుగు మాటలూ, తీగలో నడిచేది చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌లో వరుసగా కనపడ్డాయి. ఫలానా మ్యాక్‌కి ఎప్పుడూ ఫలానా అడ్రసే ఇవ్వమని రౌటర్‌లో రాసిపెట్టా. రికార్డర్ జోలికి పోలేదు.

ఫిబ్రవరి 15, శివరాత్రి

ఊరంతా కోటప్పకొండ దారి పట్టింది. హమాలీలు లేరు, లారీలు లేవు, ప్లాంటులో నేనూ, ఆపరేటర్ బాబాయ్, కంప్రెసర్ చప్పుడు. పని చేసుకోవడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు.

మొదటి సారి అంకె పంపా. యూడీపీ అనే పద్ధతితో. 1980లో, ఇంటర్నెట్‌కి పునాది వేసినవాళ్ళలో ఒకడైన జాన్ పోస్టెల్ రాసిన ఆ ప్రమాణం మూడు పేజీలు కూడా నిండదు. ముందు ఎనిమిది బైట్ల తలకట్టు: ఏ పోర్టు (ఏ ప్రోగ్రామ్‌దో చెప్పే నంబరు) నుంచి, ఏ పోర్టుకి, ఎంత పొడుగు, చెడిపోయిందో లేదో చూసుకునే చెక్‌సమ్. అంతే. చేరిందా అని అడగదు, వరుస చూడదు, మళ్ళీ పంపదు. మన ఇంటి గుమ్మంలోకి పేపరు విసిరేసి సైకిల్ ఆపకుండా పోయే కుర్రాడి లాంటిది.

సెన్సార్ చెప్పింది 6.4 డిగ్రీలు. దశాంశం గొడవ లేకుండా పదితో గుణించి 64 అని రెండు బైట్లలో పంపా. ఆఫీసు కంప్యూటర్‌లో నా పైథాన్ ప్రోగ్రామ్ పదితో భాగించి చూపించింది: 1638.4.

బాబాయ్ నా భుజం మీంచి చూసి, "ఇనుము కరిగే వేడి గదా అబ్బాయ్ అది, ఇందాకే వెళ్ళొచ్చా, నా మీసం గడ్డకట్టింది" అన్నారు.

వైర్‌షార్క్‌లో ప్యాకెట్ తెరిచి బైట్లు చూస్తే 40, 00. హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో, 64 అంటే 0040. నా బోర్డు చిన్న స్థానం బైటుని ముందు పెడుతుంది, కాబట్టి 40 ముందు వెళ్ళింది, 00 వెనక. నెట్‌వర్కు మర్యాద ప్రకారం పెద్ద స్థానం బైటు ముందు రావాలి. నా పైథాన్ కోడు ఆ మర్యాదనే నమ్మి 4000 అని చదివింది. అది 16384. పదితో భాగిస్తే 1638.4. తీగలో ఒక్క బిట్టు కూడా పాడవలేదు. చెక్‌సమ్ కూడా సరిగ్గానే ఉంది.

బాబాయ్‌కి ఇది చెప్తే ఆయన పశువుల సంత సంగతి ఎత్తారు. ఇద్దరు బేరగాళ్ళు కండువా కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలీకుండా. "మూడు వేళ్ళు పట్టుకుంటే మూడొందలా మూడు వేలా? అది వేళ్ళు చెప్పవు. ఎద్దుని చూసి ఇద్దరికీ ముందే తెలిసుండాలి. మా నాన్న ఒకసారి తెలీకుండా పట్టుకుని ఇంటికొచ్చి తిట్లు తిన్నాడు." నేను పొద్దుట్నుంచి చదివిన దేంట్లోనూ ఇంత బాగా లేదు.

బోర్డు కోడులో ఒక్క పదం చేర్చా, బైట్ల వరుస తిప్పడానికి. 6.4 వచ్చింది.

ఇంకో సంగతి. పంపింది రెండు బైట్లు. దాని మీద యూడీపీ 8, ఐపీ 20, మొత్తం 30. ఈథర్‌నెట్ కనీసం 46 బైట్లు లేనిదే ఫ్రేము ఎత్తదు, కాబట్టి 16 బైట్లు సున్నాలు కుక్కింది. ఇక దానికి ముందు 14, వెనక 4. మొత్తం 64 బైట్ల ఫ్రేములో నా సరుకు రెండు. టిక్కీ విప్పితే రెండు కాయలు, మిగతాదంతా గోనెసంచీ అన్నట్టు. ఇంతా చేసి ఆ గోనెసంచీ లేకపోతే ఆ రెండు కాయలు ఎవరివో, ఎక్కడికో తెలీదు.

ఫిబ్రవరి 18, బుధవారం

మూడు రోజుల లాగ్ చూశా. పది సెకన్లకో రీడింగు రావాలి. నాలుగో చాంబర్ వరుసలో అక్కడక్కడా అర నిమిషం గండ్లు. టైములు రిజిస్టర్‌తో పోల్చి చూస్తే, రెండో కంప్రెసర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఒక గండి. మధ్యలో పెట్టిన స్విచ్ అడాప్టర్ ఆ లైను మీదే ఉంది. మోటారు లేచేటప్పుడు ఓల్టేజీ కుంగి, స్విచ్ ఆరి మళ్ళీ లేస్తోంది. ఆ అర నిమిషంలో విసిరిన పేపర్లన్నీ మురిక్కాలవలో పడినట్టే.

అడాప్టర్ వేరే లైనుకి మార్చాలి. ఎలక్ట్రీషియన్ శుక్రవారం వస్తానన్నాడు, ఏ శుక్రవారమో చెప్పలేదు. ఈలోపు, చేరిందో లేదో చూసుకునే టీసీపీ పద్ధతికి మారుద్దామనుకున్నా.

టీసీపీ మొదలయ్యే తీరు మన ఫోను మాట్లాడే తీరే. "హలో, వినపడుతోందా?" "ఆఁ వినపడుతోంది, నా మాట వినపడుతోందా?" "వినపడుతోంది, చెప్పు." ఈ మూడు మాటలయ్యాకే అసలు సంగతి. అక్కణ్నుంచి ప్రతి బైటుకీ వరుస నంబరు. ఇక్కడిదాకా అందింది అని అవతలివాళ్ళు చెప్తూ ఉండాలి. చెప్పకపోతే కాసేపాగి మళ్ళీ పంపుతుంది, అప్పటికీ లేకపోతే ఇంకాస్త ఎక్కువ ఆగి మళ్ళీ. స్విచ్ లేచేసరికి ఆగినవన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి. గండ్లు పోయాయి.

వచ్చాయి గానీ, స్క్రీను మీద ఇట్టా వచ్చాయి: 6.46.56.4

ఈసారి అంకెల్ని అక్షరాలుగానే పంపుతున్నా, మొన్నటి బైట్ల గొడవ లేకుండా. మూడు రీడింగులు అతుక్కుపోయాయి. టీసీపీకి మన మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలీదు. అది కాలవ. నువ్వు మూడు చెంబులు పోశావని అవతల మూడు చెంబులుగా రావు, నీళ్ళు వస్తాయి అంతే. యూడీపీలో ఒక విసురు ఒక పేపరు, ఆ హద్దు దానంతటదే ఉండేది. ఇక్కడ హద్దు మనమే వెయ్యాలి. ప్రతి రీడింగు చివరా కొత్త లైను గుర్తు పెట్టి, అది కనపడేదాకా ఆగి చదవమని రాశా. చిన్న పనే, కానీ పది మందిలో తొమ్మిది మంది మొదటిసారి ఇక్కడ పడతారని పందెం కాస్తా.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఇవాళ రాయాలంటే సిగ్గుగా ఉంది.

నిన్న రాత్రి పడుకునేముందు స్క్రీను చూసి మావయ్యకి ఫోటో పంపా. నాలుగు చాంబర్లు, నాలుగు పచ్చ అంకెలు. నాలుగోది 6.4. పొద్దున ఆరింటికి వెళ్తే బాబాయ్ ఆఫీసులో టీ తాగుతూ స్క్రీను ముందు కూర్చుని ఉన్నారు.

"అబ్బాయ్, నాలుగో చాంబర్ రాత్రి పదకొండు నుంచి 6.4 దగ్గరే ఉందేంది?"

"చల్లగా నిలకడగా ఉందన్నమాట బాబాయ్."

"రాత్రి ఒంటిగంటకి లోడు దించాం. తలుపు గంటన్నర తీసే ఉంది. నా రిజిస్టర్లో 9 ఉంది చూడు."

పరిగెత్తి చూస్తే మధ్యలో స్విచ్ ఆరిపోయి ఉంది. అడాప్టర్ కాలిపోయింది, వాసన కూడా వస్తోంది. ఎప్పుడో పదకొండు ప్రాంతంలో పోయుంటుంది. ఏడు గంటలపాటు నా స్క్రీను పచ్చ రంగులో అబద్ధం చెప్తూనే ఉంది.

ఎందుకో అర్థం కావడానికి మధ్యాహ్నమైంది. బోర్డు పంపడానికి ప్రయత్నించి, ప్రయత్నించి, విసిగి కనెక్షన్ తెంచుకుంది. ఆ సంగతి ఆఫీసుకి చెప్దామంటే దారే లేదు. ఆఫీసు కంప్యూటర్ వినడమే తప్ప అది పంపేదేమీ లేదు, కాబట్టి దానికి అనుమానం రావడానికి కారణమే లేదు. టీసీపీ దృష్టిలో ఇద్దరూ మాట్లాడుకోకుండా ఊరుకున్నా కనెక్షన్ ఉన్నట్టే. లైనక్స్‌లో "ఉన్నావా" అని అడిగే ఏర్పాటు ఉంది గానీ, ప్రోగ్రామ్ అడిగితేనే పనిచేస్తుంది, అడిగినా మామూలుగా మొదటి పలకరింపు 7200 సెకన్ల మౌనం తర్వాత. అంటే రెండు గంటలు. నేను అసలు అడగనే లేదు.

అవతలివాడు ఫోను పక్కన పడేసి వెళ్ళిపోయాడు, నేనేమో వింటున్నాడనుకుని చెవికి ఆనించుకునే కూర్చున్నా.

మావయ్య ఏమీ అనలేదు. ఆ మాట అనకపోవడమే ఎక్కువ బాధనిపించింది. బాబాయ్ మాత్రం రిజిస్టర్ తిప్పి చూపించారు. ప్రతి వరుసలో టైము, నాలుగు అంకెలు, సంతకం. "నీ అంకె పక్కన టైము లేదు. ఎవరు చూశారో లేదు. నేనట్టా రాస్తే మీ మావయ్య జీతం ఇస్తాడా?"

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అడాప్టర్ కొత్తది, లైను వేరే.

ఎంక్యూటీటీ అనే పద్ధతికి మారా. 1999లో ఆండీ స్టాన్‌ఫోర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు చమురు పైపులైన్ల మీద నిఘా కోసం తయారుచేసింది. సమాచారం ఉపగ్రహం మీదుగా, తక్కువ బ్యాండ్‌విడ్త్‌లో పోవాలి. మాది చమురు పైపులైను కాకపోయినా బాధ అదే. ఇది టీసీపీ మీదే నడుస్తుంది, కానీ నాకు కావాల్సిన మర్యాదలు ముందే ఉన్నాయి. మధ్యలో ఒక బ్రోకర్ ఉంటాడు. పేరు వినగానే మావయ్యకి నచ్చింది. "మన యార్డులో కమీషన్ ఏజెంటన్నమాట." దాదాపు అంతే. రైతు ఎవరికి అమ్ముతున్నాడో తెలుసుకోనక్కర్లేదు, కొనేవాడు రైతుని వెతుక్కోనక్కర్లేదు. బోర్డు "చాంబర్4, ఉష్ణోగ్రత" అనే అంశం మీద అంకె ఇస్తుంది, ఆ అంశం కావాలన్నవాళ్ళకల్లా బ్రోకర్ అందిస్తాడు.

నాకు కావాల్సింది రెండు. ఒకటి, బోర్డు 20 సెకన్లకోసారైనా పలకాలని ముందే ఒప్పుకుంటుంది. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 30 సెకన్లు చూసి బ్రోకర్ అది పోయిందనుకుంటాడు. రెండోది వీలునామా. బోర్డు చేరేటప్పుడే "నేను చెప్పకుండా పోతే అందరికీ ఈ మాట చెప్పండి" అని రాసిస్తుంది. ఆ మాట నేను "చాంబర్4 పలకడం లేదు" అని పెట్టా. స్విచ్ తీగ పీకి వాచీ చూసుకుంటూ నిలబడ్డా. అర నిమిషంలో ఆఫీసు స్క్రీను ఎర్రబడింది. బాబాయ్‌ని పిలిచి ఇంకోసారి పీకి చూపించా.

సాయంత్రం ఇంకో వింత. మూడో చాంబర్, నాలుగో చాంబర్ రెండూ ఎర్రబడుతూ పచ్చబడుతూ, క్షణానికో రంగు. నాలుగో బోర్డుకి మూడోదాని కోడు కాపీ చేసి, అంశం పేరు మార్చా గానీ క్లయింటు పేరు, అంటే బోర్డు బ్రోకర్‌కి చెప్పుకునే తన పేరు, మార్చలేదు. ఒకే పేరుతో ఇంకొకరొస్తే బ్రోకర్ పాతవాణ్ని గెంటేస్తాడు. పాతవాడు వెంటనే తిరిగొస్తాడు, కొత్తవాడు గెంటబడతాడు. ఒకే కుర్చీ కోసం ఇద్దరు కొట్టుకున్నట్టు. 51 అడ్రసు గొడవ ఇంకో మేడ ఎక్కి మళ్ళీ వచ్చింది. పేర్లు మార్చా, సద్దుమణిగింది.

మార్చి 1, ఆదివారం

ఇప్పుడు ప్రతి అంకె పక్కనా బోర్డే టైము వేసి పంపుతోంది, బాబాయ్ కోరినట్టు. బ్రోకర్ చివరి అంకెని దాచి ఉంచే సదుపాయం ఒకటుంది, స్క్రీను ఆపి వేస్తే వెంటనే ఏదో ఒకటి కనపడుతుంది. టైము లేకపోతే అది మళ్ళీ నిన్నటి 6.4 అయ్యేది.

పొద్దున కరెంటు పోయి వచ్చింది. తర్వాత రీడింగుల టైము: 1970 జనవరి 1, ఉదయం 5:30. బోర్డులో గడియారానికి బ్యాటరీ లేదు, లేచినప్పుడు సున్నా నుంచి మొదలుపెడుతుంది. ఆ సున్నా 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి. మనకి అది ఐదున్నర. బోర్డు ఎన్‌టీపీ ద్వారా బయట టైము అడగాలి, కానీ కరెంటొచ్చాక ఇంటర్నెట్ రావడానికి పది నిమిషాలు పడుతోంది.

ఆఫీసు కంప్యూటర్‌నే టైము చెప్పే పెద్దమనిషిని చేశా. ఎన్‌టీపీ వాడేది యూడీపీనే, 123 పోర్టు. ఆలోచిస్తే సబబే. టైము అడిగితే మధ్యలో పోయింది అనుకో, దాన్నే మళ్ళీ మళ్ళీ పంపి ఆలస్యంగా తెచ్చివ్వడం ఎవరిక్కావాలి? కొత్తగా ఇంకోసారి అడుగుతావు. జవాబు దారిలో పట్టిన కాలాన్ని కూడా లెక్కేస్తుంది: నేను అడిగిన టైము, నీకు అందిన టైము, నువ్వు చెప్పిన టైము, నాకు చేరిన టైము. ఈ నాలుగింటితో రాకపోకల కాలం తీసి, అందులో సగం దారి ఖర్చు అనుకుంటుంది. డేవిడ్ మిల్స్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త చేసిన పని ఇది.

మార్చి 5, గురువారం

రాత్రి రెండున్నరకి మావయ్య ఫోను. "85 డిగ్రీలట! మిర్చి తగలబడుతోందా?" బాబాయ్ అప్పటికే చాంబర్లోకి వెళ్ళి వచ్చి, "ఏం లేదు, పడుకోండి" అన్నారట.

డీఎస్18బీ20 లేవగానే దాని లోపల ఉండే అంకె 85. కొలవడానికి ముక్కాలు సెకను, సరిగ్గా 750 మిల్లీసెకన్లు కావాలి. కరెంటు మిణుకుమని సెన్సార్ మళ్ళీ లేచింది, నా కోడు ఆగకుండా చదివేసింది. తీగ ఊడితే సెన్సార్‌ని చదవడానికి వాడే రెడీమేడ్ కోడు (లైబ్రరీ) -127 అంటుంది, అది నాకు తెలుసు. ఈ 85 మాత్రం చూడ్డానికి నిజం ఉష్ణోగ్రతలాగే ఉంటుంది, అదే దాంతో చిక్కు. లేచాక మొదటి రీడింగు పారేస్తున్నా. మిర్చి గోదాములో 85 వస్తే దాన్ని పంపే బదులు "సెన్సార్ చూడండి" అని పంపమని రాశా.

మార్చి 15, ఆదివారం

మావయ్యకి ఇంటి నుంచి, లక్ష్మీపురం నుంచి, ఫోనులో చూడాలని ఉందట. రౌటర్‌లో పోర్టు తెరిస్తే చాలనుకున్నా, అదీ మంచి పద్ధతి కాదనుకోండి. తీరా చూస్తే రౌటర్‌కి బయటివైపు వచ్చిన అడ్రసు 100.72 తో మొదలవుతోంది. అంటే మనకంటూ సొంత బయటి అడ్రసు లేదు. ఇలాంటి (ఐపీవీ4) అడ్రసులు మొత్తం 429 కోట్లు, అవి ఎప్పుడో చాల్లేదు. అందుకని ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళు చాలా ఇళ్ళని ఒకే అడ్రసు వెనక పెడతారు, దానికోసం 100.64 నుంచి 100.127 దాకా వరుసని 2012లో విడిగా కేటాయించారు. అపార్టుమెంటుకంతటికీ ఒకటే గేటు. లోపలివాళ్ళు బయటికి పోవచ్చు, బయటివాళ్ళు ఫ్లాట్ నంబరు చెప్పకుండా రాలేరు, ఆ నంబరు మనకి ఎవరూ ఇవ్వరు.

కాబట్టి లోపలి నుంచే బయటికి పోవాలి. నెలకి కొంత అద్దెకి ఒక చిన్న సర్వర్ తీసుకుని, ఆఫీసు బ్రోకర్ అక్కడి బ్రోకర్‌కి అంకెలు అందించేట్టు కలిపా. లోపల 1883 పోర్టులో మామూలుగా నడిచేది, బయటికి మాత్రం 8883లో, ఎవరూ చదవకుండా మూసేసే టీఎల్ఎస్ తొడుక్కుని పోతుంది. తొడుగు ఎందుకని తమ్ముడు అడిగితే వైర్‌షార్క్‌లో 1883 మాటలు తెరిచి చూపించా. నా పాస్‌వర్డు తెలుగు మాట ఇంగ్లీషు అక్షరాల్లో నిక్షేపంగా కనపడింది. వాడు చదివి పడీ పడీ నవ్వాడు. అది ఏంటో ఇక్కడ రాయను, మార్చేశా.

మార్చి 19, ఉగాది

పచ్చడి పెడదామని ప్లాంటుకి కూడా తీసుకెళ్ళా. ఆఫీసు బల్ల మీద కొత్త రిజిస్టర్. బాబాయ్ స్కేలు పెట్టి గీతలు గీస్తున్నారు. టైము, నాలుగు చాంబర్లు, సంతకం. ఈసారి ఒక్కో చాంబర్‌కి రెండు గళ్ళు: "చేతిది", "కంప్యూటర్".

నిన్నటి పన్నెండు వరుసలు ట్రయల్‌గా పాత పుస్తకం వెనక రాసి ఉంచారు. పదకొండు వరుసల్లో తేడా అర డిగ్రీ లోపే, సెన్సార్‌కి చెప్పిన హద్దు కూడా ప్లస్ ఆర్ మైనస్ అర డిగ్రీనే. ఒక్క తెల్లవారుజాము నాలుగింటి వరుసలో మూడో చాంబర్ చేతిది 6, కంప్యూటర్ 7.8.

సెన్సార్ తప్పో, స్థానం తప్పో అని నేను తలుపు దాకా వెళ్ళా. బాబాయ్ వెనక నుంచి పిలిచారు.

"అది వదిలెయ్ అబ్బాయ్. ఆ నాలుగింటిది చలికి లోపలికి పోలేక తలుపు దగ్గర్నుంచే రాశా."

ఆ గడిలో 6 ని కొట్టేసి, పక్కన 7.8 వెయ్యకుండా, "చూడలేదు" అని రాసి సంతకం పెట్టారు.